ఆరు డిగ్రీల పుస్తకం

గోడకు చెయ్యి ఆనిస్తే మా ఇల్లు గురక పెడుతున్నట్టు ఉండేది. గుంటూరు ఊరి బయట, మిరపకాయ దాచే కోల్డ్ స్టోరేజీ ఆవరణలో రెండు గదుల ఇల్లు అది. మా వంటింటి గోడకు అవతలే ప్లాంటు రూము. అందులో రెండు పెద్ద కంప్రెసర్లు, గోడల నిండా అమ్మోనియా గొట్టాలు, వాటన్నిటినీ చూసుకునే మా ఆయన. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ చప్పుడు వింటే నాకు తల తిరిగేది. రెండు మూడేళ్ళకు చప్పుడు ఆగితేనే చేతిలో పని ఆగేది.

కోల్డ్ స్టోరేజీలో నాలుగు గదులు. గది అంటే మన ఇళ్ళలో గది అనుకోకండి. ఒక్కొక్కటీ సినిమా హాలంత ఎత్తు. లోపల చెక్కలతో అంతస్తులు కట్టి, అంతస్తుకింత అని మిరపకాయ బస్తాలు పేరుస్తారు. ఎండలు ముదిరేలోగా సత్తెనపల్లి వైపు నుంచీ, పర్చూరు వైపు నుంచీ లారీలు వచ్చి వాకిట్లో నిలబడేవి. కాయ రంగు దిగకుండా, పురుగు పట్టకుండా ఉండాలంటే లోపల చలి నిలవాలి. ఆరు డిగ్రీలు ఉంటే మేలని లెక్క.

ఆ చలి ఎంత ఉందో గంటగంటకూ ఒక పొడుగాటి పుస్తకంలో రాయాలి. బస్తాల మీద అప్పులిచ్చే బ్యాంకు వాళ్ళు వచ్చినా, బీమా వాళ్ళు వచ్చినా ముందు అడిగేది ఆ పుస్తకమే. ఆ పుస్తకం మా ఆయన పేరు మీద ఉండేది గానీ, రాసింది నేను.

ఇందులో దాచేదేమీ లేదు. మా ఆయన చెయ్యి స్పానరు పట్టే చెయ్యి, పెన్ను పడితే కాగితం చిరిగేది. నేను అయిదో తరగతి దాకా చదివాను, పలక మీద నేర్చుకున్న గుండ్రటి అంకె నాది. ఆయన మధ్యాహ్నం అన్నానికి వచ్చి, పీట మీద కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "నాలుగు గదులూ ఆరే. రాసెయ్" అనేవాడు. ఇరవై నాలుగు గంటలకు, నాలుగు గదులకు, తొంభై ఆరు గళ్ళు. అన్ని గళ్ళలోనూ ఆరు. ఆయన మజ్జిగలోకి వచ్చేసరికి నా పుస్తకం కూడా పూర్తయ్యేది.

మొదట్లో ఉన్న సూపర్‌వైజరు నేర్పిన పద్ధతట అది. "ఆరుకు అటో ఇటో ఉంటే వచ్చినవాడు వంద ప్రశ్నలేస్తాడు. ఆరుంటే టీ తాగి పోతాడు" అన్నాడట. అబద్ధం రాస్తున్నామని మాకెప్పుడూ అనిపించలేదు. ఉత్తరంలో 'ఇక్కడ అందరం క్షేమం' అని రాస్తాం కదా, ఇంట్లో ఒకరికి జ్వరం ఉన్నా. అలాంటి ఆరు అది.

అలాగని మా ఆయన పని ఎగ్గొట్టే మనిషి కాడు. గదిలోంచి వెనక్కి వచ్చే గొట్టం మీద అరచెయ్యి పెట్టి, దాని మీద పేరుకున్న మంచు చూసి, కంప్రెసరు మోత విని, ఏ గది వేడెక్కుతోందో చెప్పేవాడు. అందుకు తగ్గట్టు వాల్వు తిప్పేవాడు. మా నాన్న దూది ఏకేవాడు. దూది ఏకే వింటి నారి మోత మారితే, దూదిలో తేమ ఉందిరా, ఎండబెట్టండి అనేవాడు. ఆ ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి మా ఆయన చెవి నాకు వింతగా తోచలేదు. పదకొండేళ్ళలో మా దగ్గర పెట్టిన కాయ పాడయిందని ఒక్క రైతు కూడా వచ్చి అనలేదు.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయింది. ఓనరు గారికి మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. అంతకుముందు రోజుకోసారి నాలుగు గదులూ ఎక్కి దిగేవారు. ఇప్పుడు ఆఫీసు గదిలో కుర్చీకే అంటిపెట్టుకున్నారు. బల్ల మీద కొత్తగా కంప్యూటరు వచ్చింది. "ఇందులో లోకమంతా కనపడుద్దంట, నా గదులే కనపడవా?" అని ఒకరోజు అన్నారట. మా ఆయన పక్కనే ఉన్నాడు. మా తమ్ముడంటే ఆయనకు వల్లమాలిన అభిమానం.

"మా బావమరిది చేస్తాడండి. డిప్లొమా చదివాడు" అన్నాడట ఠక్కున.

మా తమ్ముడు అప్పటికి గుంటూరులో ఒక టీవీలు బాగుచేసే కొట్టులో పనిచేస్తున్నాడు. చెడిపోయిన వాటిని బాగుచెయ్యడం వాడికి విసుగు. తన చేత్తో ఒక కొత్త వస్తువు చేసి, అది పనిచేస్తోందని పదిమంది చూస్తే, ఆ కొట్టు వదిలి సొంతంగా నిలబడాలని కోరిక. ఈ కబురు వినగానే సైకిలు వేసుకుని వచ్చాడు.

హైదరాబాదు నుంచి కొరియర్లో ఒక ఆకుపచ్చ బిళ్ళ వచ్చింది. అరచెయ్యంత ఉంది. మధ్యలో ఒక నల్ల చిప్పు, ఒక పక్క కంప్యూటరు వైరు గుచ్చే తొర్ర. మా ఇంట్లో గట్టి ప్లగ్గు వంటింట్లోనే ఉంది కాబట్టి వాడి కార్ఖానా అక్కడే పెట్టాడు. ఒక పక్క నా పొయ్యి, ఒక పక్క వాడి సోల్డరింగు కడ్డీ.

"ఇదేం చేస్తదిరా?" అన్నాను.

"ఇది వెబ్ సర్వరక్కా. చిన్నది. ఆఫీసులో కంప్యూటరు 'గదులెట్లా ఉన్నాయి' అని అడుగుద్ది. ఇది చూసి, ఒక పేజీ తయారుచేసి ఇస్తది."

"అడక్కపోతే?"

"అడక్కపోతే తన పని తను చూసుకుంటా ఊరుకుంటది."

"మీ బావలాగన్నమాట."

"బావకన్నా నయం. ఇది అడిగితే చెప్పుద్ది" అన్నాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తున్న మా ఆయన విన్నాడు. "ఏరా, నేను తెచ్చిన పని మీద కూర్చుని నన్నే అంటున్నావా? అన్నం పెట్టకు వీడికి" అన్నాడు నాతో. అని, వాడి కంచంలో తనే ఇంకో చేప ముక్క వేశాడు.

చలిని కొలిచేవి నాలుగు నల్ల గింజలు. మిరియపు గింజకన్నా కాస్త పెద్దవి, ఒక్కొక్కదానికి మూడు కాళ్ళు. వాటికి పొడుగాటి వైర్లు అతికించి, తడి తగలకుండా చిన్న గొట్టాల్లో పెట్టి బంక పోశాడు. అవి నిజం చెబుతాయో లేదో చూడాలి కదా. సోడా కొట్టు నుంచి ఐసుగడ్డ తెచ్చాడు. నేను పచ్చడిబండతో దాన్ని నలగ్గొట్టి స్టీలు చెంబులో పోశాను. నాలుగు గింజలూ అందులో ముంచాడు.

"కరిగే ఐసు ఎక్కడైనా సున్నానే అక్కా. గుంటూరులోనైనా, కాశ్మీరులోనైనా."

మూడు గింజలు సున్నా అన్నాయి. నాలుగోది ఒకటిన్నర అంది. వాడు నవ్వి, "దీనికి ఒకటిన్నర పొగరెక్కువ" అని, దాని లెక్కలోంచి ఎప్పుడూ ఒకటిన్నర తీసెయ్యమని చిప్పులో రాశాడు. నాకు అది చాలా నచ్చింది. గింజను మార్చలేదు, తిట్టలేదు, దాని గుణం తెలుసుకుని లెక్క సర్దుకున్నాడు. ఇంట్లో మనుషులతో మనం చేసేదీ అంతేగా.

తర్వాత పేజీ. ఆ చిప్పులో చోటు చాలా తక్కువట. పోపుల పెట్టెలో ఆవాల గిన్నె అంత చోటులో వంటిల్లంతా సర్దాలి అన్నాడు నాకు అర్థమయ్యేట్టు. కోల్డ్ స్టోరేజీ బొమ్మ పెడదామనుకున్నాడు, పట్టలేదు. తెలుగు అక్షరాలు పెడదామనుకున్నాడు, ఆఫీసు కంప్యూటరుకు అవి తెలియవట. చివరికి నాలుగు గళ్ళు, నాలుగు అంకెలు, వాటి చుట్టూ మిరపపండు రంగులో ఒక పూలంచు. ఆ అంచు కోసం మూడు రోజులు కష్టపడ్డాడు. ఎనిమిది దాటితే అంకె ఎర్రగా, లోపు ఉంటే పచ్చగా కనపడాలని చెప్పింది నేనే.

ఆ బిళ్ళను ఒక పెట్టెలో పెట్టి, పెట్టెను ఆఫీసు వెనక గోడకు బిగించారు. నాలుగు గదుల్లోకి వైర్లు లాగారు. కంప్యూటరులో నూట తొంభై రెండు అని మొదలయ్యే నాలుగు ముక్కల నంబరు కొడితే పేజీ రావాలి. వచ్చింది. ఓనరు గారు కళ్ళజోడు సర్దుకునేలోగా పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. ఓనరు గారి ఎదురుబల్ల మీద గుమాస్తా గారు ఉండేవారు. బిల్లులు కొట్టడానికి ఆయనకూ ఒక కంప్యూటరు ఉంది.

"ఏమయ్యా, మీ బావమరిది పెట్టె దోబూచులాడుతోందే" అన్నారాయన మా ఆయనతో.

మా తమ్ముడు రెండు రోజులు వైర్లన్నీ విప్పి బిగించాడు. మూడో రోజు గమనించాడు, గుమాస్తా గారు కంప్యూటరు పెట్టినప్పుడే పేజీ పోతోంది, ఆయన దాన్ని ఆపి భోజనానికి లేస్తే వస్తోంది. ఆ కంప్యూటరుకూ మా పెట్టెకూ ఒకే నంబరు పడిందట. రెండిళ్ళకు ఒకే డోరు నంబరు వేస్తే పోస్టుమాను ఏం చేస్తాడు? ఒక పూట ఈ గుమ్మంలో, ఒక పూట ఆ గుమ్మంలో. మా పెట్టెకు చివరి ముక్క యాభైగా మార్చాడు. అప్పటి నుంచి పేజీ కదల్లేదు. ఆ నంబరు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

అసలు గొడవ అది కుదురుకున్నాకే మొదలైంది.

పేజీలో మొదటి గది ఏడు చూపించింది. రెండోది ఆరు, నాలుగోది ఆరున్నర. మూడో గది తొమ్మిదిన్నర, ఎర్రగా. ఓనరు గారు పుస్తకం తెమ్మన్నారు. అందులో నా చేతిరాతలో నాలుగు గదులూ ఆరు. నిన్నా ఆరు, మొన్నా ఆరు, పోయిన ఏడాదీ ఆరు.

"పదకొండేళ్ళ పుస్తకం తప్పా, పది రోజుల పెట్టె తప్పా?" అన్నారు. ఆయనకు అనుమానం పుస్తకం మీద రాలేదు. పెట్టె మీదే వచ్చింది. "శనివారం బ్యాంకు వాళ్ళొస్తారు. తప్పుడు పెట్టె నా గోడకు ఉండకూడదబ్బాయ్. శుక్రవారం సాయంత్రానికి సరిచేస్తే సరి, లేకపోతే ఊడదీసుకుపో."

ఆ మాట అన్నది బుధవారం. మా తమ్ముడు ఆ రోజు మా ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెట్టె తప్పు కాదని వాడికి తెలుసు. పుస్తకం ఎలా రాస్తామో నా వంటింట్లో వారం రోజులుగా వాడు కళ్ళారా చూశాడు. పెట్టె నిజమని నిరూపిస్తే బావ పుస్తకం అబద్ధమవుతుంది. ఆ పుస్తకం అబద్ధమైతే బావ ఉద్యోగం, ఉద్యోగంతో పాటు ఈ రెండు గదుల ఇల్లు. పొయ్యి మీద టీ పొంగి నిప్పుల్లో పడేదాకా ఇద్దరం చూస్తూ ఉండిపోయాం.

చివరికి వాడే అన్నాడు. "అక్కా, చిప్పులో ఒక్క లైను మారిస్తే చాలు. నాలుగు గదులూ ఎప్పుడూ ఆరే చూపిస్తది. గుమాస్తా గారు కూడా అదే అన్నాడు, 'ఆరు పడేట్టు చెయ్యవయ్యా, నీ సొమ్మేం పోయింది' అని. బావకి గొడవుండదు, నాకు పేరూ పోదు."

"ఆరు రాయడానికే అయితే నీ పెట్టె ఎందుకురా? నేను చాలనా?" అన్నాను.

పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్న మా ఆయన అంతా వింటున్నాడని నీళ్ళ చప్పుడు ఆగినప్పుడు తెలిసింది. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి, వాడి ఎదురుగా కూర్చున్నాడు. చాలాసేపు వాడి చేతివేళ్ళు చూశాడు. సోల్డరింగు కడ్డీకి కాలి బొబ్బలెక్కి ఉన్నాయి.

"గాజు థర్మామీటరు బీరువా మీదుందా?" అన్నాడు నాతో.

"ఉంది. బూజు పట్టింది."

"తుడువు. శుక్రవారం పొద్దున నువ్వు నాతో రావాలి. నేను తిరుగుతా, నువ్వు చదివి రాయి. ఏదుంటే అది రాయి." తర్వాత మా తమ్ముడి వైపు తిరిగాడు. "ఆ లైను జోలికి పోయావంటే నీ పెట్టె నేనే పగలగొడతా."

"ఉద్యోగం పోతే?" అన్నాను.

"పోతే మీ నాన్న విల్లు ఉందిగా, దూది ఏకుతా" అన్నాడు. నవ్వించాలని అన్నాడు గానీ, ఎవరికీ నవ్వు రాలేదు.

శుక్రవారం పొద్దున్నే బయలుదేరాం. నేను పాత పరుపు దూదితో ఆయనకు కుట్టిన బొంతకోటు నాకిచ్చి, ఆయన రెండు చొక్కాలు వేసుకున్నాడు. పెట్టెకు నిన్నటి సంగతి గుర్తుండదు, ఇప్పుడెంతో అంతే చెబుతుంది. అందుకని మేము లోపల చూసే వేళకే ఆఫీసులో పేజీ కూడా చూడాలి. ఆఫీసు కిటికీ దగ్గర మా తమ్ముడు నిలబడ్డాడు. గుమాస్తా గారు కంప్యూటరు ముందు కూర్చుని చదువుతానన్నారు. వాడు గట్టిగా అరవాలి, మా ఆయన గది తలుపు దగ్గర నిలబడి విని నాకు చెప్పాలి.

ఆ థర్మామీటరును బయటికి తెచ్చి చదవకూడదు. గడప దాటేసరికి పాదరసం ఎగబాకుతుంది. లోపలే అయిదు నిమిషాలు ఉంచి, లోపలే టార్చి వేసి చూడాలి. మొదటి గదిలో బస్తాల మధ్య నిలబడితే మిరపఘాటుకు కళ్ళవెంట నీళ్ళు, చలికి అవి బుగ్గ మీదే చల్లబడ్డాయి. ఏడు ఉంది. "ఏడూ" అని అరిచాను. బయటినుంచి "ఏడుంపావూ" అని మా తమ్ముడి గొంతు.

బస్తాలు మోస్తున్న ముఠావాళ్ళకు ఇది వేడుకగా ఉంది. "అక్కా, మా వీపు మీద కూడా పెట్టి చూడు ఆ గాజుపుల్ల, ఎంతుందో" అన్నాడు ఒకాయన. "ఏరా, నీ వేడికి పుల్ల పగిలిపోద్ది" అన్నాడు ఇంకొకాయన.

మూడో గది దగ్గర సంగతంతా కంటికే కనపడింది. లారీ ఖాళీ అవుతోంది. అంత మందపాటి తలుపు మూసి తెరవడం విసుగని ముఠావాళ్ళు ఒక మిరప బస్తాను అడ్డం పెట్టి, తలుపు బార్లా తెరిచి ఉంచారు. బయటి ఎండ లోపలికి నడిచివెళ్తోంది. నా పుల్లలో తొమ్మిది దాటింది. "తొమ్మిదిన్నరా" అని మా తమ్ముడు అరిచాడు. వాడి గొంతులో సంతోషం దాగలేదు.

"ఈ గది రోజూ ఇంతేనా?" అన్నాను మా ఆయనతో.

"దిగుమతి ఉన్నప్పుడు ఇంతే. లారీ పోయాక వాల్వు ఒక చుట్టు ఎక్కువిస్తా. సాయంత్రం అసరు నమాజు వేళకి దిగుద్ది."

"మరి ఈ సంగతి ఎవరికైనా చెప్పావా?"

"ఎవరడిగారు?"

రెండో గదిలో మాత్రం కథ తిరగబడింది. పేజీలో ఆరు. ముందు రోజూ ఆరే అట. నా పుల్లలో ఏడున్నర. ఇంకో అయిదు నిమిషాలు ఆగి చూశాను, ఏడున్నరే. మా తమ్ముడు పరిగెత్తుకుంటూ వచ్చి, టార్చి పైకెత్తి చూసి, నాలుక కరుచుకున్నాడు. అక్కడ పాత మేకు ఒకటి ఉంటే, కొత్తది కొట్టే బద్ధకానికి, గింజను దానికి తగిలించాడు. ఆ మేకు సరిగ్గా అమ్మోనియా గొట్టం కింద ఉంది. గొట్టం చలి చెబుతోంది గానీ గది చలి చెప్పడం లేదు.

మా ఆయన ముఖం ఆ రెండు రోజుల్లో మొదటిసారి విప్పారింది. బావమరిది భుజం మీద చెయ్యి వేసి, "ఏరా, నీ పెట్టె కూడా ఆరు రాసిందిరా" అన్నాడు. ఆ చలిగదిలో, బొంతకోటులో నాకు చెమటపట్టేంతగా ముగ్గురం నవ్వాం.

గింజను నడిమికి జరిపాడు. అరగంటకు పేజీ కూడా ఏడున్నర అంది. మధ్యాహ్నం దాకా గంటగంటకూ తిరిగాం. మూడో గది పది దాకా వెళ్ళి, లారీ పోయి, మా ఆయన వాల్వు తిప్పాక, తొమ్మిది, ఎనిమిదిన్నర, ఎనిమిది అని దిగింది. నా పుస్తకంలో మొదటిసారి ఒక కాగితం నిండా రకరకాల అంకెలు. ఆరులు రాసి రాసి అలవాటైన చేతికి తొమ్మిది రాయడం కొత్తగా ఉంది.

మా ఆయన శుక్రవారం నమాజుకు వెళ్ళివచ్చి, పుస్తకం చంకలో పెట్టుకుని ఆఫీసుకు బయలుదేరాడు. రాత నాది కాబట్టి నేనూ, పెట్టె తనది కాబట్టి మా తమ్ముడూ వెంట నడిచాం. ఓనరు గారు ఆ రోజు కాగితం చూశారు. పక్కన పేజీ చూశారు. తర్వాత పుస్తకం వెనక్కి తిప్పడం మొదలుపెట్టారు. తిప్పిన కొద్దీ ఆరులు. ఆ కాగితాల చప్పుడు నాకు కంప్రెసరు చప్పుడుకన్నా పెద్దగా వినపడింది.

"ఇవన్నీ?"

"అన్నం తినేటప్పుడు రాసినవండి. ఇవాళ్టిదే కొలిచి రాసింది. పెట్టె సరిగ్గానే ఉందండి. తప్పు నాది" అన్నాడు మా ఆయన.

"రాసిందెవరు?"

"నేనేనండి" అన్నాను.

ఓనరు గారు నన్ను కళ్ళజోడు పైనుంచి చూశారు. "అంకెలు కుదురుగా ఉన్నాయమ్మా" అన్నారు. తిట్టో మెప్పో తెలియలేదు. గుమాస్తా గారు తలవంచుకుని బిల్లుల్లో ఏదో వెతుకుతున్నారు.

"పదకొండేళ్ళుగా ఇట్టా రాస్తే మరి నా కాయ ఎట్టా నిలిచిందయ్యా?"

మా ఆయన మాటలు వచ్చే మనిషైతే అప్పుడు చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి. గొట్టం, మంచు, మోత, వాల్వు. ఏమీ చెప్పలేదు. "చూసుకుంటానండి, రోజూ" అన్నాడు. అంతే. నేనే ఉండబట్టలేక, "మూడో గది లారీ దిగేటప్పుడు వేడెక్కుద్దండి. ఈయన మళ్ళీ దించుతాడు. ఇవాళ కాగితంలో ఉంది చూడండి" అన్నాను.

ఆయన మళ్ళీ ఆ కాగితం మీదికి వంగారు. మూడో గది గళ్ళ వెంట వేలు పెట్టి, పది నుంచి ఎనిమిది దాకా మెల్లగా దిగారు. రెండుసార్లు దిగారు. తర్వాత పుస్తకం మూసి తన సొరుగులో పెట్టుకున్నారు.

"ఇక ఇది మీ ఇంటికి రాదు. పేజీలో ఏదుంటే అదే, గుమాస్తా రాస్తాడు. రేపు బ్యాంకు వాళ్ళకు తొమ్మిదుంటే తొమ్మిదే చూపిద్దాం, అడిగితే నువ్వొచ్చి చెప్పు ఎందుకుందో." ఆ తర్వాత మా తమ్ముడితో అన్నారు, "అబ్బాయ్, మా వియ్యంకుడికి నరసరావుపేట దారిలో ఇట్టాంటిదే ఉంది. తీరికైనప్పుడు ఒకసారి చూసి రా."

ఉద్యోగం నిలిచింది, ఇల్లు నిలిచింది, వాడికి రెండో పని దొరికింది. ఆ సాయంత్రం సేమ్యా చేశాను. అయినా మా ఆయన వారం రోజులు సరిగా మాట్లాడలేదు. ఎందుకో నాకు మూడో రోజు తెలిసింది. గుమాస్తా గారు కుర్చీలోంచి లేవకుండా కిటికీలోంచి కేకేస్తున్నారు, "ఏమయ్యా, మూడో గది తొమ్మిదయింది, చూడు" అని. మా ఆయన అప్పటికే వాల్వు తిప్పి పావుగంటయి ఉంటుంది. అయినా "ఆ, చూస్తానండి" అనేవాడు. లోకానికి పేజీలో వేడెక్కడం కనపడుతోంది, దిగడం కనపడుతోంది. మధ్యలో చెయ్యి వేసిన మనిషి కనపడటం లేదు.

ఆ ఆదివారం మా తమ్ముడు అన్నానికి వచ్చాడు. మా ఆయన చారులో అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అడిగాడు. "ఏరా, నేను ఏ గది వాల్వు తిప్పానో కూడా ఆ పేజీలో పడేట్టు చెయ్యగలవా? ప్లాంటు రూములో నాలుగు స్విచ్చిలు పెట్టు. తిప్పినప్పుడు నొక్కుతా."

మా తమ్ముడు ముద్ద ఆపేశాడు. "చిప్పులో చోటు లేదు బావా. నిండిపోయింది."

"అంతేలే" అన్నాడు మా ఆయన.

వాడు చెయ్యి కడుక్కుని, కాసేపు పెట్టె కాగితాలు తిరగేశాడు. "పూలంచు తీసేస్తే సరిపోద్ది" అన్నాడు.

మూడు రోజులు కష్టపడ్డ అంచు అది. వాడే తీసేశాడు. మిరపపండు రంగు పోయి పేజీ బోడిగా మిగిలింది. దాని బదులు ప్రతి అంకె పక్కనా ఒక చిన్న పసుపు చుక్క వచ్చింది. వాల్వు తిప్పి, స్విచ్చి నొక్కితే చుక్క వెలుగుతుంది.

మొదటి నెలంతా మా ఆయన ప్రతిసారీ నొక్కి, చేతులు తుడుచుకుని, ఎండలో ఆవరణ దాటి ఆఫీసు కిటికీ దాకా వెళ్ళి తొంగిచూసేవాడు. "పడిందయ్యా, పడింది. ఇక పో" అనేవారు గుమాస్తా గారు. నెల తిరిగాక వెళ్ళడం మానేశాడు. అప్పుడిక గుమాస్తా గారే లేచి వచ్చి ప్లాంటు రూము కిటికీలో తల పెట్టి అడిగేవారు, "ఏమయ్యా, నాలుగో గదికి చుక్క పడింది. అది పచ్చగానే ఉందిగా, ఎందుకు తిప్పావు?"

"ఇంకో పావుగంట ఆగండి, మీ పేజీకే తెలుస్తది" అనేవాడు మా ఆయన, గొట్టం మీద చెయ్యి తీయకుండా.